చెయ్యెత్తితే ఆపేస్తారు

దొరవారిసత్రం వాళ్ళు పన్ను నొప్పి వస్తే ఇటు సూళ్ళూరుపేటకో అటు నాయుడుపేటకో పోతారు. పని పెద్దదైతే రైలెక్కి నెల్లూరు పోవాలి. 2022లో మండలం తిరుపతి జిల్లాలోకి మారినా, ఆసుపత్రి మాటెత్తితే ముందు నోటికొచ్చేది ఇప్పటికీ నెల్లూరే. ఆ ప్రయాణానికి ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చేవాళ్ళ కూలీ పోతుంది. అందుకని లవంగం నలిపి పెట్టుకుని, మందుల షాపులో ఒక మాత్ర కొని మింగి, మళ్ళీ పొలానికి పోతారు. డబ్బు కన్నా గట్టిగా వెనక్కి లాగేది మాత్రం భయం. ఒక డెంటల్ కాలేజీ వాళ్ళ బస్సు ఇక్కడి స్కూలు ఆవరణకు వస్తుందని తెలిసి, ఆ భయాన్ని దగ్గరగా చూడాలని వెళ్ళాను.

నాకూ ఆ భయం ఉంది. చిన్నతనంలో, దవడ వాచి ఉండగా, నా పన్ను పీకారు. ఇంజెక్షన్ ఇచ్చారు గానీ పట్టలేదు. ఒకాయన తల కదలకుండా పట్టుకున్నాడు. "అయిపోయింది, అయిపోయింది" అంటూనే లాగారు. ఆ తర్వాత ఎక్కడ పంటి ఆసుపత్రి మెట్లెక్కినా, అక్కడుండే లవంగ నూనె వాసనకే అరచేతులు తడిసిపోయేవి.

బయటి నుంచి అది మామూలు బస్సే. లోపల సీట్లు తీసేసి పంటి కుర్చీలు బిగించారు. కుర్చీ పక్కనే లైటు, ఉమ్మడానికి తొట్టి, వెనకాల నీళ్ళ ట్యాంకు, కంప్రెసర్. కింద జనరేటర్ మోత. చెట్టు నీడలో రెండు బల్లలేసి హౌస్ సర్జన్లు పేర్లు రాసుకుంటున్నారు, బీపీ చూస్తున్నారు. బీడీఎస్ నాలుగేళ్ళ చదువు తర్వాత ఒక ఏడాది ఇలా పనిచేస్తేనే పట్టా చేతికొస్తుంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు. వాళ్ళ వెనక పెద్ద డాక్టరు మేడం నిలబడి, ప్రతి నోరూ తనూ ఒకసారి చూస్తున్నారు.

నా పన్నూ చూపించుకుందామని వరసలో నిలబడ్డాను. నా ముందు ఒక పెద్దావిడ ఉంది. కుడి చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. పక్కన కోడలు. పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి పెద్దమ్మా ఈ వాపు?" అంది హౌస్ సర్జన్ అమ్మాయి.

"వాపు మొన్నట్నుంచి. నొప్పి సంకురాత్రి నుంచీ ఉండాది."

"మరి రాలేదేం?"

"పైపన్ను పీకితే చూపు పోతాదంట గదమ్మా."

వరసలో ఉన్న చాలామంది తలలూపారు. ఆ అమ్మాయి నవ్వలేదు. అదే నాకు నచ్చింది. కాగితం మీద ముఖం బొమ్మ గీసి, కంటి చూపును మెదడుకు మోసే నరం ఇది, పంటి నొప్పిని మోసే నరం ఇంకోటి, రెండూ వేరువేరు అని వేలు పెట్టి చూపించింది. పళ్ళు ఊడే వయసూ కళ్ళల్లో శుక్లాలు వచ్చే వయసూ ఒకటే కాబట్టి, పన్ను పీకించుకున్న తర్వాత చూపు తగ్గితే ఆ నేరం పంటి మీద పడుతుందని చెప్పింది. పెద్దావిడకు ఎంత అర్థమైందో గానీ, కొంగు మాత్రం నోటి మీంచి తీసింది.

అయినా ఆ రోజు పన్ను పీకలేదు. బీపీ ఎక్కువగా ఉంది. పైగా చీము. మేడం కోడల్ని పక్కకు పిలిచి చెప్పిన మాటలు నాక్కూడా వినపడ్డాయి. మొద్దుబార్చే మందు నరంలోకి దిగాలంటే చుట్టూ కండ బాగుండాలి. చీము పట్టిన చోట ఆమ్లం పెరుగుతుంది, ఆ ఆమ్లంలో మందు నరం పొర దాటి సరిగ్గా లోపలికి పోదు. "ముందు మాత్రలతో వాపు తీయనిద్దాం. ఈరోజే పీకితే ఆమెకు నొప్పి తెలుస్తుంది. ఆ నొప్పి ఊరంతా చెప్తుంది."

చిన్ననాటి నా అనుభవానికి కారణం నాకు ఆ చెట్టు కింద దొరికింది. నాకు ఇంజెక్షన్ పట్టకపోవడం నిజమే, నా ఊహ కాదు. భయపడి ఆగుతాం, ఆగితే పన్ను చీము పడుతుంది, చీము పట్టాక మందు పనిచేయదు, నొప్పి పుడుతుంది, ఆ నొప్పి ఇంకో పదిమందికి భయమై పాకుతుంది. భయపడేవాళ్ళను అజ్ఞానులని కసిరితే ఈ చుట్టు తెగదు. వాళ్ళు భయపడేది ఎప్పుడో నిజంగా అనుభవించినదానికి, లేదా ఇంట్లోవాళ్ళు అనుభవించగా కళ్ళారా చూసినదానికి.

నిజానికి శస్త్రచికిత్సలో నొప్పి తీసే విద్యకు దారి చూపినవాళ్ళు పంటి డాక్టర్లే. 1844 డిసెంబరులో అమెరికాలో హోరేస్ వెల్స్ అనే పంటి డాక్టరు నవ్వించే గాలి పీల్చి, తన పన్నే తోటి డాక్టరు చేత పీకించుకున్నాడు. రెండేళ్ళకు మోర్టన్ అనే మరో పంటి డాక్టరు బోస్టన్‌లో ఈథర్ ఇస్తుండగా సర్జన్లు ఒక రోగి మెడ మీది గడ్డను కోశారు. ఇప్పుడు మన ఊళ్ళ దాకా వచ్చిన మొద్దుబార్చే మందు లిగ్నోకైన్‌ను 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు. నొప్పి వద్దని ఇంత పాటుపడిన వృత్తి నొప్పికే పేరు మోయడం నాకు బాధనిపిస్తుంది.

పిల్లల వరసలో ఒక కుర్రాడు పెదాలు బిగించి నిలబడ్డాడు. ఉదయగిరి వైపు అమ్మమ్మ దగ్గర పెరిగాడట. పళ్ళ మీద గోధుమరంగు చారలు. నీళ్ళల్లో ఫ్లోరైడ్. ఈ జబ్బును మన దేశంలో మొదట రాసిపెట్టినవాటిలో షార్ట్ అనే పరిశోధకుడి బృందం 1937లో ఇచ్చిన నివేదిక ఒకటి, అది అప్పటి నెల్లూరు జిల్లా గురించే. ఆ కుర్రాడికి నొప్పి లేదు, సిగ్గు ఉంది. "సరిగ్గా తోముకోవా?" అని స్కూల్లో అందరూ అడుగుతారట. ఇది తోమకపోవడం వల్ల వచ్చింది కాదని మేడం వాడి ముందే వాళ్ళ టీచరుకు చెప్పారు. నోరు తెరవకపోవడానికి సిగ్గు కూడా భయమంత కారణమే. తిడతారని డాక్టరు దగ్గరికి రానివాళ్ళు ఎంతమందో.

నా వంతు వచ్చింది. ఎడమవైపు కింది దవడ పన్ను, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటోంది. పుచ్చు లోతుగా ఉంది గానీ నరం దాకా పోలేదు, శుభ్రం చేసి నింపేస్తే చాలన్నారు మేడం. పాత సంగతి ఆమెకు చెప్పాను. ఆమె చేతిలోది పక్కన పెట్టి విన్నారు.

"ఎడమ చెయ్యి ఎత్తండి, ఆపేస్తాను. ఎందుకెత్తారని అడగను."

ముందు చిగురు మీద తియ్యటి జెల్లీ రాశారు. సూది చూపించమంటారా వద్దా అని అడిగారు, వద్దన్నాను. చెంపను వేలితో పక్కకు లాగి పట్టి, మందును చాలా నెమ్మదిగా ఎక్కించారు. చిన్న పోటు, తర్వాత ఒత్తిడి, అంతే. నిమిషాలు గడిచేకొద్దీ పెదవి సగం, నాలుక సగం నావి కాకుండా పోయాయి. మొనదేలిన పుల్లతో చిగుళ్ళు తాకి "తెలుస్తోందా?" అని అడిగి, తెలియడం లేదన్నాకే పన్ను తొలిచే ఎయిరోటర్ అందుకున్నారు.

ఆ కీచుమనే శబ్దం మొదలవగానే నా చెయ్యి లేచింది. శబ్దం ఆగింది. మేడం రెండు చేతులూ వెనక్కి తీసుకుని కూర్చున్నారు. నొప్పి లేదు, శబ్దానికే ఎత్తానని నేనే చెప్పాను. ఆమె తలూపి మళ్ళీ మొదలుపెట్టారు. కాసేపటికి, నిజంగా ఆపుతారా లేదా చూద్దామని, ఏమీ లేకుండానే ఎత్తాను. మళ్ళీ ఆగింది. ఆ తర్వాత నా చెయ్యి కుర్చీ పిడి మీద అలాగే ఉండిపోయింది. పుచ్చు తవ్వడం, నీళ్ళు కొట్టడం, సిమెంటు నింపడం, నల్ల కాగితం కొరికించి ఎత్తు సరిచూడడం, అన్నీ అయిపోయాయి. చిన్ననాడు ఆ గదిలో నాకు లేనిది పనిచేసే మందు ఒక్కటే కాదు, ఆపమని చెప్పే వీలు కూడా. దానికి ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు.

బస్సు సాయంత్రానికి వెళ్ళిపోతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మామూలుగా పంటి డాక్టరు ఉండరు. వారానికి ఒక్క రోజైనా అక్కడొక కుర్చీ, ఒక డాక్టరు ఉంటే, చీము పట్టకముందే జనం వస్తారు. చీము పట్టకముందు వస్తే నొప్పి లేకుండా వెళ్తారు. ఇది కష్టమైన లెక్క కాదు, ప్రభుత్వం తలుచుకోవాలి.

దిగేటప్పటికి ఆ పెద్దావిడ ఇంకా బల్ల దగ్గరే ఉంది. వాపు తగ్గాక నెల్లూరులోని కాలేజీ ఆసుపత్రికి రమ్మని చీటీ రాసిచ్చారు.

"ఆ రోజు నువ్వే ఉంటావా పాపా?"

"ఉండకపోవచ్చు పెద్దమ్మా, మాకు డ్యూటీలు మారతా ఉంటాయి. ఎవరున్నా సరే, చెయ్యెత్తితే ఆపమని ఇందులో రాశాను."

కోడలు ఆ చీటీని ఆధార్ కార్డు కవర్లో పెట్టుకుని, నెల్లూరికి పొద్దున బండి ఎన్ని గంటలకో పక్కవాళ్ళను అడగడం మొదలుపెట్టింది.