నడకకు అందే ఊరు

హైదరాబాదు నుంచి కర్నూలుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి పాలమూరు నేలను నిలువునా దాటిపోతుంది. గద్వాలను తాకదు, వనపర్తిని తాకదు. నాగర్‌కర్నూలుకైతే భూత్పూరు దగ్గరే దారి విడిపోతుంది. గద్వాలకు రావాలంటే బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాక ఎర్రవల్లి చౌరస్తాలో పడమరకు మళ్లాలి. వనపర్తికి కొత్తకోటలోనో పెబ్బేరులోనో తూర్పుకు తిరగాలి. ఈ మూడూ కారు పుట్టకముందు పుట్టిన ఊళ్లు. కోట కోసమో చెరువు కోసమో గుడి కోసమో జనం ఒకచోట చేరి, నడిచి చేరుకోగలిగినంత మేర కట్టుకున్న ఊళ్లు.

మాది గద్వాల. కోట లోపల చెన్నకేశవస్వామి గుడి, మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరుతో ఉన్న డిగ్రీ కాలేజీ. బయటికొస్తే అంగళ్లు, ఆ వెనక వీధుల్లో మగ్గాలు. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తిని, పాలు తెచ్చుకుని, దారిలో ముగ్గురితో మాట్లాడి ఇల్లు చేరడానికి బండి తీయనక్కర్లేదు. మా పెద్దమ్మాయి అమెరికాలో, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. చిన్నవాడు జర్మనీలోని మాగ్డెబుర్గ్‌లో చదివి అక్కడే ఉద్యోగంలో చేరాడు. నేనూ మా ఆవిడా రెండు చోట్లా ఉండి వచ్చాం. ఏ దేశం బాగుందని అందరూ అడుగుతారు. దేశాల లెక్కలు నాకొద్దు. ఊళ్ల సంగతి మాత్రం చెప్పాలని ఉంది, ఎందుకంటే గద్వాల, వనపర్తి రేపు ఎట్లా ఉండబోతాయన్నది ఆ పోలికలోనే ఉంది.

ఫ్రిస్కో జనాభా 2000లో 34 వేలు కూడా లేదు. 2020 నాటికి 2 లక్షలు దాటింది. అంత వేగంగా పెరిగినా ఎక్కడా నీళ్ల కొరత గానీ చెత్త గానీ నా కంటపడలేదు. బళ్లు బాగుంటాయి, గ్రంథాలయంలోకి ఎవరైనా వెళ్లి ఎంతసేపైనా చదువుకోవచ్చు. కానీ అమ్మాయి ఇంటి నుంచి కరివేపాకు తేవాలంటే కారు తీయాలి. పాలకు కారు, గుడికి కారు, మనవడిని ఈతకు దించడానికి కారు. కాలిబాటలు లేక కాదు, వీధి చివరిదాకా చక్కగా ఉన్నాయి. అవి ఎక్కడికీ చేర్చవు, అంతే. కాలనీ దాటగానే ప్రెస్టన్ రోడ్డు, అటు మూడు వరసలు ఇటు మూడు వరసలు. దాని ఆవల విశాలమైన పార్కింగ్ స్థలం, ఆ స్థలం చివర దుకాణం. డల్లాస్ ప్రాంతంలో రైళ్లూ బస్సులూ నడిపే డార్ట్ అనే సంస్థ ఉంది, అందులో ఫ్రిస్కో సభ్యత్వమే తీసుకోలేదు.

పగటిపూట ఆ కాలనీలో కాలినడకన కనిపించేవాళ్లు ఎక్కువగా మాలాంటి తల్లిదండ్రులే. గుంటూరు నుంచి ఒకరు, కరీంనగర్ నుంచి ఒకరు, సాయంత్రం నీటికుంట చుట్టూ తిరుగుతూ పలకరించుకుంటాం. "మీ పిల్లలు ఎన్నింటికి వస్తారండీ?" అన్నదే మొదటి మాట. జీవితమంతా సొంత సేద్యం చేసి, సంతకు పోయి, బ్యాంకుకు పోయి, ఎవరినీ అడగకుండా బతికిన ఒక పెద్దాయన, కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా మందుల షాపుకు పోలేక కూర్చోవడం చూశాను. ఆ కొడుకు మంచివాడు. లోపమల్లా ఊరి కొలతలో ఉంది. పదహారేళ్లలోపు పిల్లలదీ, కారు నడపని ముసలివాళ్లదీ అక్కడ ఒకే అవస్థ. ఎవరో ఒకరు తీసుకుపోతేనే వాళ్లకు ఊరు.

అమెరికా పెద్ద మనసు గురించి చెప్పకపోతే అది అన్యాయం. శనివారం వస్తే ఆ ఇళ్లు నిండిపోతాయి. తలా ఒక వంటకం తెస్తారు. ఒకరి బిడ్డ పుట్టినరోజుకు కాలనీ అంతా కదులుతుంది. ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ గుడిలో మన భాష చెవిన పడని పూట ఉండదు. ముక్కూ మొహం తెలియని మనిషి కూడా ఎదురుపడితే నవ్వి కుశలం అడుగుతాడు. పక్కింటి తెల్లాయన, మా ఆవిడ చలికి వణుకుతోందని చూసి లోపలికి పోయి శాలువా తెచ్చి ఇచ్చాడు. అంత స్నేహశీలురైన మనుషులను ఒకరికొకరు అంత దూరంగా ఎందుకు పెట్టారా అన్నదే నా బాధ.

దానికి కారణాలున్నాయి. ఒహాయోలోని యూక్లిడ్ అనే ఊరు ఇళ్లు ఒకచోట, దుకాణాలు ఒకచోట, కార్ఖానాలు ఒకచోట ఉండాలని గీతలు గీసింది. 1926లో ఆ దేశపు సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తరువాత దాదాపు దేశమంతా అదే పద్ధతి. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా వీధి మగ్గాలు గుర్తొచ్చాయి. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండింటినీ పోగు పోగునా పెనవేసే కోటకొమ్మ పని ఇంటి ముందుగదిలోనే జరుగుతుంది. పక్కన పొయ్యి, గుమ్మంలో బేరం, వసారాలో చదువుకునే పిల్లవాడు. ఫ్రిస్కో కాలనీలో అట్లా ముందుగదిలో మగ్గం పెట్టి గుమ్మంలో అమ్మకం సాగిస్తామంటే ఒప్పుకోరు. నివాసం వేరు, పని వేరు, అమ్మకం వేరు. వాటి మధ్య కలిపే దారమే కారు.

ఇక మాగ్డెబుర్గ్. ఎల్బ నది ఒడ్డున ఉంటుంది. 1945 జనవరిలో బాంబు దాడిలో ఆ నగర కేంద్రం దాదాపు నేలమట్టమైంది. ఆ తరువాత తూర్పు జర్మనీ ప్రభుత్వం వెడల్పాటి రోడ్లతో కట్టించింది. కాబట్టి దాన్ని పిక్చర్ పోస్టుకార్డుల్లోని యూరప్ అనలేం. అయినా ట్రాములు ఊరంతా తిరుగుతాయి. మావాడి ఫ్లాటు రెండు గదులే. కింద రొట్టెల అంగడి, ఎదురుగా ట్రాము స్టాపు. చేరిన కొద్దిరోజులకే మా ఆవిడ ఒక్కతే వెళ్లి టమాటాలు, ఉల్లిగడ్డలు తెచ్చేది. జర్మన్ ఒక్క ముక్క రాదు. వేలితో చూపించి, డబ్బులు ఇచ్చి, చిల్లర లెక్కపెట్టుకుని వచ్చేది. ఫ్రిస్కోలో కావలసినంత తెలుగు ఉండి కూడా ఆమెకు దొరకని స్వేచ్ఛ, భాష రాని ఊళ్లో దొరికింది. 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలైన డాయిచ్‌లాండ్ టికెట్టు 2025లో 58 అయింది. అది చేతిలో ఉంటే దేశమంతా ట్రాము, బస్సు, వేగపు రైళ్లు కాని మిగతా రైళ్లు ఎక్కవచ్చు. మావాడికి కారు లేదు, కొనాలన్న ఆలోచన కూడా లేదు.

అక్కడి కష్టం వేరే రకం. చలికాలంలో నాలుగు గంటలకే చీకటి. డాక్టరును చూడాలంటే అపాయింట్‌మెంటు కోసం వారాల తరబడి ఆగాలి. ప్రభుత్వ ఉత్తరాలు పోస్టులో వస్తూనే ఉంటాయి, అన్నీ జర్మన్‌లోనే. చదువుకు పోయే పిల్లవాడు వీసాకు ముందే ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాలి. ఫీజు తక్కువని తెలిసినవాళ్లకు ఆ మొత్తం సంగతి ఆఖరున తెలుస్తుంది. అన్నిటికన్నా బరువైనది ఆదివారం. పెట్రోలు బంకులు, పొద్దున కొన్ని గంటలు రొట్టెల దుకాణాలు తప్ప దాదాపు అంగళ్లన్నీ మూత. మెట్ల మీద ఎదురైన పక్కింటివాళ్లు మర్యాదగా తల పంకించి వెళ్లిపోతారు. మావాడు మొదటి చలికాలంలో రోజూ ఫోన్ చేసి, వాళ్లమ్మతో ఏమీ మాట్లాడకుండా చాలాసేపు అట్లాగే ఉండిపోయేవాడు.

ఈ రెండు బతుకుల తీరు ఎప్పుడు విడిపోయిందా అని చదువుతూ పోతే నాకు 1956 అనే ఏడు మళ్లీ మళ్లీ ఎదురైంది. ఆ జూన్‌లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అంతర్రాష్ట్ర రహదారుల చట్టం మీద సంతకం చేశాడు. 41 వేల మైళ్ల రోడ్లు, ఖర్చులో 90 శాతం కేంద్రానిదే. ఆ నవంబరులో పశ్చిమ జర్మనీ దుకాణాలు ఎప్పుడు మూయాలో చెప్పే చట్టం తెచ్చింది. ఒకరు మనిషి ఎంత దూరమైనా పోగలగాలని చట్టం చేస్తే, మరొకరు అంగట్లో పనిచేసే మనిషి సాయంత్రానికి ఇల్లు చేరాలని చేశారు.

ఆ రెండింటి మధ్య, అక్టోబరులో, మినియాపొలిస్ దగ్గర ఈడైనాలో సౌత్‌డేల్ మాల్ తెరిచారు. మొత్తం కప్పు కింద, లోపల ఏడాది పొడుగునా ఒకే వాతావరణం. దాన్ని రూపొందించిన విక్టర్ గ్రూయెన్ వియన్నాలో పుట్టినవాడు, యూదుడు, 1938లో నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరినవాడు. కాఫీ అంగళ్లు, నడిచే జనం, ఎదురుపడి మాట్లాడుకునే చౌకు, తను పోగొట్టుకున్న ఆ వియన్నాను అమెరికా శివార్లలో మళ్లీ కట్టాలనుకున్నాడు. మాల్ చుట్టూ ఇళ్లు, బడి, ఆసుపత్రి, పార్కు ఉండాలన్నది అతని ఆలోచన. దేశమంతా కాపీ కొట్టిన మాల్‌లు మాత్రం చుట్టూ పార్కింగ్ స్థలాలతో మిగిలాయి. చివరి రోజుల్లో అతను వాటిని తనవి కావన్నాడు, వియన్నాకు తిరిగివెళ్లి అక్కడి పాతబస్తీని నడిచేవాళ్లకు విడిచిపెట్టాలని పాటుపడ్డాడు. ఒక మనిషి గుండెలో రెండు ఖండాలూ ఇంతగా కొట్లాడిన కథ నాకు మరొకటి తెలియదు.

యూరప్‌వాళ్లు పుట్టుకతోనే ఇట్లా ఉన్నారనుకోవద్దు. వాళ్ల నగరాల్లోనూ కార్లు నిండిపోయాయి. 1971లో నెదర్లాండ్స్‌లో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా చనిపోయారు, వాళ్లలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లో కూర్చున్నారు, పిల్లల హత్యలు ఆపండంటూ ఉద్యమం నడిపారు. ఇవాళ ఆమ్‌స్టర్‌డామ్‌లో అందరూ మెచ్చుకునే సైకిల్ దారుల వెనక ఆ తల్లుల కన్నీళ్లున్నాయి. కోపెన్‌హాగెన్ 1962లో స్ట్రోయెట్ అనే వీధిలో కార్లు ఆపినప్పుడు వ్యాపారులు తిరగబడ్డారు. బేరాలు పోతాయనుకున్నారు, పెరిగాయి.

పావుగంట నడకలో అన్నీ అందాలని పారిస్ మేయరు 2020లో ఎన్నికల హామీ ఇచ్చారు. గద్వాలకు ఆ హామీ ఎవరూ ఇవ్వలేదు, పెద్దలు కట్టిన తీరులోనే అది ఉంది. నేను చదువుకున్న వనపర్తీ అంతే. 1959లో రాజావారి భవనంలో పాలిటెక్నిక్ మొదలైంది. నా రోజుల్లో సాయంత్రం క్లాసులు కాగానే అందరం అంగడి బజారులోకి నడిచేవాళ్లం. ఆ భవనపు కోడలు రాణి కుముదిని దేవి 1962లో హైదరాబాదుకు మేయరయ్యారని సీనియర్లు గొప్పగా చెప్పుకునేవాళ్లు. మా అత్తగారి ఊరు నాగర్‌కర్నూలు. ఆ ఊరికి ఇప్పటికీ రైలు లేదు, అయినా కేసరిసముద్రం కట్ట మీద సాయంత్రం నడిచే జనాన్ని చూస్తే ఎల్బ ఒడ్డు నాకు గొప్పగా అనిపించదు.

అయితే నడవగలిగిన ఊరు వేరు, నడిచేవాళ్లను గౌరవించే ఊరు వేరు. మా ఊళ్లల్లో రెండోది లేదు. కాలిబాట ఉన్నచోట దాని మీద బండ్లు నిలుస్తాయి. మోరీ మీద బండ పగిలి ఉంటుంది. ఏప్రిల్ ఎండలో బస్టాండు నుంచి నడిస్తే తలదాచుకోవడానికి చెట్టు దొరకదు. చీకటి పడ్డాక ఆడపిల్ల ఒంటరిగా నడవాలంటే వీధిదీపం వెలగాలి. ఈ పనులు చేయకుండా మనం చేస్తున్నదల్లా ఊరిని బయటికి లాగడం. 2016లో జిల్లాలయ్యాక కొత్త కలెక్టరేట్లు కట్టారు. వనపర్తిలో 2022 మార్చిలో, నాగర్‌కర్నూలులోనూ గద్వాలలోనూ 2023 జూన్‌లో తెరిచారు. అన్ని శాఖలూ ఒక్క కప్పు కిందికి రావడం మంచిదే. కానీ ఊరు విడిచి అంచుకు పోయాయి. సోమవారం ప్రజావాణికి పింఛను అర్జీ పట్టుకుని వచ్చే అవ్వ, పల్లె నుంచి బస్సులో గద్వాల దిగి, అక్కడి నుంచి మళ్లీ ఆటోకు డబ్బులు వెతుక్కుంటుంది. ఆమెను చూసినప్పుడల్లా ఫ్రిస్కోలో మందుల షాపుకు పోలేని ఆ పెద్దాయన నా కళ్లముందు నిలుస్తాడు.

ఎర్రవల్లి చౌరస్తా చూడండి, దాబాలు, పెట్రోలు బంకులు, వెంచర్ల బోర్డులు. రహదారి దిగేచోట పుట్టిన ఇట్లాంటి ఊళ్లు అమెరికా అంతటా చూశాను. గద్వాల వైపు వచ్చే దారి పొడుగునా చెల్కల్లో తెల్లరాళ్లు పాతారు. ముప్పై అడుగుల రోడ్డు, ఆర్చీ గేటు ఉంటాయి. బడి ఉండదు, అంగడి ఉండదు, బస్సు ఆగదు. అమెరికావాళ్లకు కనీసం ఆ రోడ్ల మీద తిరగడానికి ఇంటికి రెండు కార్లున్నాయి. మనం వాళ్ల దూరాలను తెచ్చుకుంటున్నాం, వాళ్ల కార్లు మనలో ఎంతమందికి ఉన్నాయి?

పోయిన సంక్రాంతికి అమ్మాయి ఫోన్ చేసి, ఎర్రవల్లి దారిలో వెంచర్‌లో ప్లాటు తీసుకుందాం నాయినా, మీరిద్దరూ గాలి వెలుతురు ఉన్నచోట హాయిగా ఉండొచ్చు అంది. ప్రేమతో అన్న మాటే. మా ఆవిడ ఫోన్ అందుకుని, "ఆడ పాలెవరు పోస్తరు బిడ్డా? మీ నాయినకు పానం బాగలేకుంటే దవాఖానకు నేనెట్ల తీస్కపోవాలె?" అని అడిగింది. అమ్మాయి కాసేపు ఆలోచించి, నువ్వు చెప్పింది నిజమేనమ్మా అంది. ఆ డబ్బుతో పాత ఇంట్లోనే కింద ఒక గది, మెట్లు లేని గుమ్మం కట్టిస్తున్నాం.

మా వీధివాళ్లం కలిసి ఒక అర్జీ కూడా రాశాం. బస్టాండు నుంచి కోట దాకా చెట్లతో, విరగని బండలతో కాలిబాట కావాలి. బస్టాండు నుంచి కలెక్టరేట్‌కు పొద్దున నుంచి సాయంత్రం దాకా అరగంటకో చిన్న బస్సు తిరగాలి. కొత్త లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేముందు బడి, అంగడి, బస్టాపు ఎక్కడ వస్తాయో చూపించమనాలి. మగ్గం పనివాళ్లు, కూరగాయలమ్మే ఆడవాళ్లు, కోటలోని కాలేజీ పిల్లలు సంతకాలు పెడుతున్నారు. వచ్చే సోమవారం ప్రజావాణిలో ఇస్తాం.