ఆకు రాలిన అడవి

పిల్లలూ, అడవి చూడటానికి ఎప్పుడు వెళ్ళాలి అని ఎవరినైనా అడగండి. "వానలు పడ్డాక వెళ్ళండి. ఇప్పుడేముంది? అన్నీ మోళ్ళే!" అంటారు. వానాకాలంలో అడవి అందంగా ఉండేమాట నిజమే. కాని అడవి ఎట్లా బతుకుతుందో తెలుసుకోవాలంటే మార్చినెలలో వెళ్ళాలి. ఎవరు ఏపాటి చదివారో పరీక్షనాడు తేలినట్టే, ఏ చెట్టు ఎట్లాంటిదో ఎండాకాలంలో తేలుతుంది.

ఇందుకోసం దూరపు కొండలకు పోనక్కరలేదు. హైదరాబాదు నగరంలోనే, జూబిలీహిల్సులో ఒక అడవి ఉన్నది. దాని పేరు కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనం. అందరూ కె.బి.ఆర్. పార్కు అంటారు. పార్కు అన్నారు గదా అని పూలమొక్కలూ, ఉయ్యాలలూ ఉంటాయనుకోకండి. ఇది ఒకరు నాటి పెంచిన తోట కాదు. దక్కను పీఠభూమి మీద తనంతట తాను పెరిగిన అడవిలో మిగిలిన ముక్క.

ఒకప్పుడు ఈ చోటు నిజాం వంశం వారి ఎస్టేటు. ఏడవ నిజాం మనుమడు ముకర్రంజా గారి చిరాన్ ప్యాలెసు ఈ చెట్ల మధ్యనే ఉన్నది. 1998లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని జాతీయవనంగా ప్రకటించింది. 1964 నుంచి 1971 వరకు ముఖ్యమంత్రిగా పనిచేసిన కాసు బ్రహ్మానందరెడ్డి గారి పేరు దీనికి పెట్టారు. విస్తీర్ణం 350 ఎకరాలకు పైచిలుకు. చుట్టూ రోడ్లూ, మేడలూ. నడుమ ఈ అడవి ఒక దీవిలాగా ఉన్నది. ఈ "దీవి" అన్న మాట కాస్త గుర్తుపెట్టుకోండి. తరవాత దానితో పని పడుతుంది.

ఒక ఆదివారం పొద్దున్నే అమ్మనో, నాన్ననో వెంటబెట్టుకుని బయలుదేరండి. కాళ్ళకు బూట్లు, చేతిలో నీళ్ళసీసా, జేబులో చిన్న నోటుపుస్తకం, పెన్సిలు ఉంటే చాలు. తినుబండారాలు ఇంటి దగ్గరే వదలండి. బాట సులువైనదే, చిన్నపిల్లలూ, తాతగార్లూ కూడా ఆయాసం లేకుండా నడవవచ్చు. ఆరోగ్యం కోసం నడిచేవాళ్ళు మిమ్మల్ని దాటుకుని గబగబా పోతూ ఉంటారు. వాళ్ళ పని నడవటం. మీ పని చూడటం. కాబట్టి ఆగి ఆగి నడవండి.

మొదట మీకు కనిపించేవి రాళ్ళు. ఏనుగంత రాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ఇది గ్రానైటు రాయి. సుమారు 250 కోట్ల ఏళ్ళనాడు భూమి లోపల కరిగిన రాయి చల్లారి ఇట్లా గట్టిపడ్డది. పైనున్న పొరలు కాలక్రమాన అరిగి కొట్టుకుపోగా ఇది బయటపడ్డది. ఎండకూ వానకూ అంచులు అరిగి గుండ్రంగా అయింది. ఈ రాయి స్పంజిలాగా నీళ్ళు పీల్చదు. వాననీరు రాళ్ళ మధ్య పగుళ్ళలోకీ, రాయి చివికి ఏర్పడ్డ మొరం లోకీ దిగి నిలవ ఉండవలసిందే. హైదరాబాదులో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపలే పడిపోతుంది. మిగిలిన నెలలు ఈ చెట్లు దాదాపు ఆ నిలవ నీటితోనే నెట్టుకురావాలి.

ఎట్లా నెట్టుకొస్తాయి? ఇప్పుడు చెట్లకేసి చూడండి. చాలా చెట్లకు ఒక్క ఆకు కూడా లేదు. "ఇది చచ్చిపోయిందా?" అని మీ తమ్ముడు అడగవచ్చు. చచ్చిపోలేదు. అది సంసారం జాగ్రత్తగా నడుపుకుంటున్నది.

ఆకుకు కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. చాలా చెట్లలో అవి ఎక్కువగా ఆకు అడుగున ఉంటాయి. వేళ్ళు పీల్చిన నీరు ఆ రంధ్రాలగుండా ఆవిరి అయిపోతుంది. నేలలో తడి ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఎండలు ముదిరేసరికి రాబడి తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. అప్పుడు చెట్టు ఏం చేస్తుందంటే, ఖర్చుపెట్టే ఆకులనే వదిలేస్తుంది. వదిలేముందు ఆకులో పనికివచ్చే పోషక పదార్థాలను వీలైనంత వరకు కొమ్మలోకి వెనక్కు తీసుకుంటుంది. అందుకే ఆకు పచ్చదనం పోయి పసుపుబారుతుంది. తరవాత తొడిమ మొదట్లో ఒక పలచని పొర ఏర్పడి, ఆకు దానంతట అది ఊడిపోతుంది. గాయం కూడా ముందుగానే మూసుకుపోతుంది! ఆకు రాలిన ఒక కొమ్మను దగ్గరగా చూడండి. ఆకు ఊడిన మచ్చకు పైన చిన్న మొగ్గ కనిపిస్తుంది. రాబోయే ఆకు అందులో మడిచి ఉన్నది. మొగ్గను గిల్లకండి, బెరడును గీకకండి, చూస్తే చాలు.

అన్ని చెట్లూ ఒకే ఉపాయం పన్నవు. వేప చూడండి. లోతుగా వేళ్ళు దింపుకునే చెట్టు గనక పాత ఆకు రాల్చీ రాల్చగానే లేత ఎర్రని చివుళ్ళు తొడుగుతుంది. ఉగాది పచ్చడికి పువ్వు కూడా అందిస్తుంది. మోదుగ మరీ తమాషా అయినది. ఆకులన్నీ రాల్చి, కొమ్మనిండా నిప్పుకణికల వంటి పూలు పూస్తుంది. ఆకులు అడ్డం లేవు గనక ఆ ఎర్రదనం పక్షులకు దూరానికే కనిపిస్తుంది. అవి తేనెకోసం వచ్చి, పుప్పొడిని ఒక పువ్వునుంచి మరో పువ్వుకు మోస్తాయి. ఇప్పుడు పూస్తేనే వానల వేళకు కాయ ముదురుతుంది. మోదుగ కాయ పలచగా, బద్దలాగా ఉంటుంది. కొసన ఒకే ఒక గింజ. గాలికి ఎగిరిపోయి, తొలకరి తడికి మొలకెత్తుతుంది. ఇక రేలచెట్టుకు మూరెడు పొడవున నల్లని కాయలు కర్రల్లాగా వేళ్ళాడుతూ ఉంటాయి. మరికొద్ది రోజులకు అదే చెట్టు పచ్చని పూలగుత్తులతో నిండిపోతుంది.

సరే, ఇప్పుడు తల దించి నేలకేసి చూడండి. చెట్ల కింద అంతా ఎండుటాకులు. చాలామంది దీన్ని చెత్త అనుకుంటారు. అడవిలో చెత్త అనేది లేదు. అది వడ్డించిన విస్తరి.

మొదటి పంక్తిలో కూర్చునేవి చెదపురుగులు. మన ఇంట్లో తలుపులు తింటే వాటిని తిట్టుకుంటాం గాని, అడవిలో అవి లేకపోతే రాలిన ఆకూ, విరిగిన కొమ్మా ఏళ్ళతరబడి పడి ఉండవలసిందే. అవి ఆ ఆకును తిని మట్టిలో కలుపుతాయి. ఆ మట్టిని మళ్ళీ చెట్టే తింటుంది. బాటపక్కన చెదలపుట్ట కనిపిస్తే, అది చెట్టుకు వంటశాల అనుకోండి. ఆ చెదలనూ, చీమలనూ తిని బతికే జంతువు ఒకటి ఈ అడవిలో ఉన్నది. అది అలుగు. ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు. నోట్లో ఒక్క పన్ను లేదు. వంకర గోళ్ళతో పుట్టను తవ్వి, జిగురుగా ఉండే పొడుగాటి నాలుకను లోపలికి పోనిస్తుంది. భయం వేస్తే బంతిలాగా చుట్టుకుంటుంది. రాత్రిళ్ళు తిరిగేది గనక మీకు కనిపించదు. ముళ్ళపందీ అంతే. పగలు నెమళ్ళు మాత్రం కనిపించవచ్చు. మన జాతీయపక్షి కాళ్ళతో ఎండుటాకులను చిందరవందర చేసి, గింజలూ పురుగులూ ఏరుకుంటూ ఉంటుంది. చూశారా! ఆకు చెదకు, చెద అలుగుకు. ఆకు కింది పురుగు నెమలికి. ఎండుటాకును ఊడ్చిపారేస్తే ఇన్ని నోళ్ళ కూడు పోయినట్టే.

ఎండుటాకు ఇంకో పని కూడా చేస్తుంది. వాన చినుకు దెబ్బ నేలకు తగలకుండా అడ్డుకుంటుంది. పారే నీటిని నిదానింపజేసి భూమిలోకి దింపుతుంది. ఇది మీరు ఇంటి దగ్గరే పరీక్షించవచ్చు. రెండు ట్రేలలో ఒకే రకం మట్టి నింపండి. ఒకదాని మీద ఎండుటాకులు దట్టంగా పరచండి, రెండోదాన్ని అట్లాగే వదిలెయ్యండి. రెండింటినీ కొంచెం ఏటవాలుగా పెట్టి, పల్లంవైపున ఒక్కొక్క గిన్నె ఉంచండి. మొక్కలకు నీళ్ళుపోసే చిల్లుల డబ్బాతో రెండింటికీ సమానంగా నీళ్ళు చల్లండి. ఏ గిన్నెలోకి నీళ్ళు ముందు వచ్చాయో, ఎక్కువ వచ్చాయో, ఏవి బురదగా ఉన్నాయో చూసి నోటుపుస్తకంలో రాసుకోండి. అప్పుడు రాళ్ళ పగుళ్ళలోకి నీరు దించేది ఎవరో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఇందాకటి "దీవి" మాటకు వద్దాం. ఈ కాలంలో ఎండుటాకు బారుడు మందులాగా ఉంటుంది. ఒక్క అగ్గిపుల్ల, ఆర్పకుండా పారేసిన ఒక్క బీడీముక్క చాలు. మంట నేలవెంట పాకుతూ పోతుంది. పెద్దచెట్లు తట్టుకున్నా తట్టుకుంటాయి. కాని పోయిన వానకు మొలిచిన మొక్కలు మాడిపోతాయి. నేలమీద గూడు కట్టే పక్షుల గుడ్లూ, తాబేళ్ళూ, తొండలూ తప్పించుకోలేవు. పెద్ద అడవిలో అయితే జంతువులు ఈ కొండమీదినుంచి ఆ కొండకు పారిపోతాయి. ఇక్కడ ఎక్కడికి పోతాయి? కంచె దాటితే మోటారు కార్లు! ఈ అడవిలో ఒక ప్రాణికి ఆపద వస్తే, అది తలదాచుకోవటానికి పక్కన ఇంకో అడవి లేదు. అందుకే ఇంత చిన్న అడవికి ఇంత పెద్ద కాపలా కావాలి. ఆ కాపలా అటవీశాఖవారి వల్లనే అయ్యేది కాదు. బాటమీద నడిచే ప్రతివాడూ కాపలావాడే.

నెమళ్ళకు బిస్కట్లు వెయ్యటం కూడా మేలు కాదు. ప్రేమతోనే వేస్తారు, నిజమే. కాని వాటి తిండి వాటికి ఆకుల కింద ఉన్నది. మన చేతిని నమ్ముకున్న పక్షి జనానికి బెదరటం మానుతుంది, మన రోగాలూ కుక్కలూ వాటికి దగ్గరవుతాయి. అట్లాగే దారిలో ఈక పడి ఉంటే చూసి ముచ్చటపడండి గాని తీసుకోకండి. జాతీయవనంలోనుంచి ఈకయినా, కాయయినా, రాయి అయినా తేకూడదు. మనం వదిలిరాగూడనివి కూడా ఉన్నాయి: కాగితం, ప్లాస్టిక్ సంచి, చాక్లెట్టు రేకు. వీటిని చెద తినదు.

తిరిగి వచ్చేముందు ఒక్క పని చెయ్యండి. బాటపక్కన బాగా మోడుగా కనిపించే చెట్టును ఒకదాన్ని ఎంచుకోండి. దాని పక్కనున్న రాయి గుర్తూ, కొమ్మల తీరూ చూసి నోటుపుస్తకంలో బొమ్మ గీసుకోండి. తేదీ వెయ్యండి. పేరు తెలియకపోతే మీ నాన్నగారినో, బడిలో మేష్టారినో అడిగి తరవాత రాయండి. జూలైలో, నాలుగు మంచి వానలు పడ్డాక, అదే పుస్తకం పట్టుకుని మళ్ళీ వెళ్ళండి. ఆ చెట్టును పోల్చుకోగలరో లేదో చూడండి. తమ్ముణ్ణి కూడా తీసుకుపోండి.