వన్స్ మోర్ కొట్టే చెవికి జిట్టర్ ఏపాటి?

ఏమండోయ్, మీ టీవీ వెనక్కి ఎప్పుడైనా తొంగిచూశారా? దుమ్ముకి జంకకండి, చూడండి. చాలా టీవీలకి చిన్న తలుపు బిగించిన నలుచదరపు కన్నం ఉంటుంది. అదే ఆప్టికల్. తోషిబా వాళ్లు 1983లో తెచ్చారు. అది మీ ఇంట్లోనే కూర్చునుంటే ఒక్కసారైనా పలకరించరా? భలేవారే!

ఆప్టికల్ కేబుల్ ఒక కొస అందులో పెట్టి, రెండో కొస చూడండి. ఎర్రటి వెలుగు చుక్క! పాట మొత్తం అందులోంచే పోతోంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. అన్నట్టు, కొసకి ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, తీసి పెట్టండి. తీయకుండా గుచ్చేసి సౌండు రావట్లేదని నా మీదికి రావద్దు. టీవీ సెట్టింగుల్లో పీసీఎం అని కూడా పెట్టాలి. లేదంటే కొన్ని డ్యాక్‌లు, అంటే అంకెల్ని పాటగా మార్చే పెట్టెలు, మూగనోము పట్టి కూర్చుంటాయి.

కోయాక్సియల్ అంటారా? డీవీడీ ప్లేయర్ల వెనకుండే ఆర్‌సీఏ పిన్నే, వైరు మాత్రం 75 ఓమ్‌లది. రెండూ మోసే సరుకు ఒకటే, సోనీ, ఫిలిప్స్ కలిసి తెచ్చిన ఎస్‌పీడీఐఎఫ్. ఒకటి కరెంటుగా మోస్తుంది, ఒకటి వెలుగుగా. వెలుగులో కరెంటు దాటదు గనక ఈ పెట్టెలోని గుయ్ మనే రొద ఆ పెట్టెలోకి పాకదు. యూఎస్‌బీ దారి వేరు. అసింక్రనస్ డ్యాక్ తన గడియారం తనే చూసుకుంటుంది. ఎంత కావాలో కంప్యూటర్నే అడిగి తీసుకుంటుంది. దర్జా చూశారా!

జిట్టర్ సంగతేంటి అంటారు. అడుగుతారని తెలుసు, ఈ సరదా ఉన్నవాళ్లందరం అక్కడికే వస్తాం. సీడీలో చెవి ఒక్కోదానికి సెకనుకి 44,100 అంకెలు. ప్రతిదీ దాని వేళకి పలకాలి. రవ్వంత ముందో వెనకో పలికితే అదే జిట్టర్. దాన్ని కొలిచేది నానోసెకన్లలో. నానోసెకనులో వెలుగే ఓ అడుగు దూరం పోతుంది, అంతే! 1998లో డాల్బీలో బెంజమిన్, గానన్ అనే ఇద్దరు పరీక్ష పెడితే, ఒంటి స్వరంలోనే పది నానోసెకన్ల దాకా చెవికి చిక్కలేదు. పాటల్లోనైతే ఇంకా ఎక్కువ కావాల్సొచ్చింది. 2005లో జపాన్‌లో సంగీతం పనివాళ్లకే వినిపించారు. వందల నానోసెకన్లు కలిపితేగాని పట్టుకోలేకపోయారు. మన ఇళ్లలో పెట్టెలకుండేది మామూలుగా ఏ కొద్ది నానోసెకన్లో.

వినుకొండ వాళ్లం మనకి చెవుల సంగతి ఒకరు చెప్పాలా? 1895లో కవి జాషువా గారు పుట్టిన ఊరు. హరిశ్చంద్ర కాటిసీనులో ఆయన పద్యం ఎత్తుకుని, చివర రాగం తీస్తూ, హార్మోనియం శ్రుతి మీద నిలబడతాడే నటుడు, అక్కడ ఈలలేసి వన్స్ మోర్ కొట్టే చెవులివి. అదే పద్యం బెల్టు సాగిన టేప్‌రికార్డర్లో వేయండి. హార్మోనియం ఏడుస్తుంది, రాగం జారిపోతుంది, పసిపిల్లాడైనా మొహం చిట్లిస్తాడు. అదీ వేళ తప్పడమే. కానీ జిట్టర్‌కి లక్షల రెట్లు!

ఇంకో మాట. డిజిటల్ కేబుల్ పాడైతే గొంతు మొద్దుబారదు, బాసు తగ్గదు. టపటపమని తెగుతుంది, లేదా నోరు మూసుకుంటుంది.

నమ్మరా? ఆప్టికల్, కోయాక్సియల్ రెండు కేబుళ్లూ ఒకే డ్యాక్‌కి పెట్టండి. వాల్యూమ్ ముట్టుకోవద్దు. ఇంట్లో పిల్లాణ్ణి పిలిచి, మీరు అటు తిరిగుండగా మార్చమనండి. పదిసార్లూ ఏది మోగుతోందో కాగితమ్మీద రాయండి. అయిదారు కుదిరితే అది బొమ్మా బొరుసే. వాడి చెయ్యి వైపు ఓరగా చూడ్డాలు లేవు, ముందే చెప్తున్నా!

కేబుల్ కోసం దాచిన డబ్బు స్పీకర్లకి పెట్టండి. గోడకి అతికించిన వాటిని కాస్త ముందుకి లాగండి. ఆ తేడాకి పరీక్షలక్కర్లేదు, వంటింట్లోంచే చెప్తారు.

మరి కేబుళ్లు మార్చి చూడ్డం మానేయాలా? ఎందుకు మానాలండీ! ఎర్ర వెలుగు పోతుందా, టక్‌మని పిన్ను దిగే ముచ్చట పోతుందా? పైగా మార్చిన ప్రతిసారీ పద్యం మొదట్నుంచీ వేయాల్సిందేగా. కానివ్వండి, వన్స్ మోర్!