బండి ఎందుకు ఆపలేదు?

కాలువలకు నీళ్ళు వదిలి పది రోజులు కూడా కాలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు గుణదలలోని మా ఆసుపత్రి ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. కంకిపాడు అవతలి ఊరి నుంచి ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి తెచ్చారు. దమ్ము చేస్తుండగా రోటవేటర్ కత్తులకు పాత గడ్డి, ప్లాస్టిక్ తాడు చుట్టుకున్నాయట. బురదలోకి దిగి, కాలితో గడ్డిని తన్ని వదిలించబోయాడు. గడ్డి వదిలింది, రోటర్ తిరిగింది, ఎడమ కాలు మోకాలి కింది దాకా లోపలికి పోయింది.

లుంగీని కత్తెరతో కోసి తీశాను. సగమే దొరికింది. మిగతా సగం పోగులు పోగులుగా కండలోకి దిగి ఉంది. నల్ల బురద, వరి మోళ్ళ ముక్కలు, నీలిరంగు లుంగీ దారాలు, విరిగిన ఎముక అన్నీ కలిసిపోయాయి. ఒక్కొక్క దారం పట్టకారతో తీయడానికి రెండు గంటలు పట్టింది. ఆ రాత్రి తొమ్మిది లీటర్ల సెలైన్‌తో కడిగాం. ఆఖరి లీటరు కూడా పల్చటి బురద రంగులోనే కారింది.

థియేటర్లోంచి బయటికొచ్చాక ట్రాక్టర్ యజమానిని అడిగాను.

"బండి ఎందుకు ఆపలేదండీ?"

ఆయన కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. "ఆపితే మళ్ళీ ఎక్కడ స్టార్టవుద్ది డాక్టరు గారూ! బ్యాటరీ డౌన్. పొద్దున్నే నలుగురం తోసి స్టార్ట్ చేశాం. బురదలో ఆగిపోతే ఎవడు తోస్తాడని..."

అప్పటిదాకా ఇలాంటి గాయాలన్నిటికీ కారణం అజాగ్రత్త అనుకునేవాణ్ణి. అందరూ అనే మాటే అది. ఆ రాత్రి నుంచి మాత్రం పొలం యంత్రాల గాయంతో ఎవరొచ్చినా కేసు షీట్లో ఒక ప్రశ్న ఎక్కువ రాసుకుంటున్నాను. బ్యాటరీ ఎలా ఉంది? సెల్ఫ్ తీసుకుంటుందా? జవాబు చాలాసార్లు ఒకటే. సెల్ఫ్ సరిగా తీసుకోదు, అందుకే ఇంజన్ ఆపరు. ఇంజన్ ఆపరు కనుక తిరిగే యంత్రం దగ్గరికే చెయ్యో కాలో వెళుతుంది. పైగా బాడుగ గంట లెక్కన. ఈ మడి అయ్యేసరికి పక్క మడి రైతు గట్టు మీద నిలబడి ఉంటాడు. తూముకు నీళ్ళొచ్చిన వారం రోజుల్లోనే అందరికీ దమ్ము కావాలి మరి. డ్రైవరు తొందరపడ్డాడని తిట్టడం తేలికే. ఆ తొందర ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి కదా.

స్టార్ట్ చేయడంలోనే జరిగే ప్రమాదం ఇంకొకటుంది. గన్నవరం వైపు నుంచి వచ్చిన యాభై ఏళ్ళ రైతు కటి ఎముక మూడుచోట్ల విరిగింది. మొక్కజొన్న కోశాక కట్టెను ముక్కలు చేసే ష్రెడ్డర్ తగిలించి, పని మొదలుపెట్టబోతే తాళం పనిచేయలేదు. కింద నిలబడి, సెల్ఫ్ మోటారు బోల్టుల మధ్య స్క్రూడ్రైవర్ ఆనించాడు. ముందు రోజు బండిని గేరులోనే వదిలేసి వెళ్ళారు. ఇంజన్ అందుకోగానే బండి కదిలింది. ఆయన నిలబడింది పెద్ద చక్రం ముందు. సీట్లో మనిషి లేడు, క్లచ్ తొక్కేవాడు లేడు. దేవుడి దయ అనాలి, ష్రెడ్డర్ ఇంకా తిరగడం మొదలుపెట్టలేదు. స్క్రూడ్రైవర్ కిటుకు ఊళ్ళో ప్రతి కుర్రాడికీ తెలుసు. బండి గేరులో ఉంటే మనిషి మీదికే వస్తుందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

ఇక షాఫ్ట్ గురించి. ట్రాక్టర్ వెనక ఇంజన్ శక్తిని బయటికిచ్చే పీటీఓ నుంచి యంత్రానికి ఆ శక్తిని అందించే కడ్డీ ఇది. మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. అతుకు (క్రాస్) దగ్గర దాని మందం ఎనిమిది సెంటీమీటర్లు అనుకున్నా, సెకనులో రెండు మీటర్లకు పైగా బట్టను చుట్టేస్తుంది. లుంగీ పొడవే రెండు మీటర్లు. "అయ్యో" అనేలోపు బట్ట అయిపోయి ఒంటి వంతు వస్తుంది. భుజం మీది తువ్వాలు, చీర కొంగు, వదిలిన జడ, చేతికి కట్టుకున్న తాడు, దానికి అన్నీ ఒకటే. పక్కన నాటు వేస్తున్న ఆడవాళ్ళు మంచినీళ్ళ బిందె కోసం ట్రాక్టర్ వెనకగా దాటి వెళుతుంటారు. వాళ్ళ కొంగు సంగతి డ్రైవరుకు తెలియదు, షాఫ్ట్ సంగతి వాళ్ళకు తెలియదు. యంత్రం కొన్నప్పుడు షాఫ్ట్ మీద ప్లాస్టిక్ తొడుగు వస్తుంది. గ్రీజు పెట్టడానికి అడ్డమని తీసేస్తారు, తిరిగి పెట్టరు. చాలా కొట్టాల్లో ఆ తొడుగు మూలన దుమ్ముకొట్టుకుని ఉంటుంది. వెతికి తెచ్చి బిగించమని నా మనవి.

మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకోవడం గురించి రాయడానికి నాకు చేతులు రావు. ఒకే ఒక్క మాట. వెనక రోటవేటర్ ఉన్నప్పుడు ట్రాక్టర్ మీద ఒక్క మనిషే ఉండాలి, అదీ సీట్లో.

ఇలా బురద చేరిన గాయానికి మేం ఆ రోజే కుట్లు వేయం. "ఇంత పెద్ద గాయానికి కుట్లు వేయలేదేంటండీ" అని బంధువులు కోప్పడతారు. మట్టిలో ఉండే క్రిములకు గాలి ఆడని చోటు ఇష్టం. మూసేస్తే లోపల గ్యాస్ గాంగ్రీన్ పట్టి ఒకటి రెండు రోజుల్లో కాలే కాదు, ప్రాణమూ పోవచ్చు. అందుకే కడిగి తెరిచే ఉంచుతాం, రెండు రోజులకు మళ్ళీ కడుగుతాం, శుభ్రమయ్యాకే మూస్తాం. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారని అడిగితే పొలం మనుషుల్లో ఎక్కువ మందికి గుర్తుండదు. సీజనుకు ముందే వేయించుకోవచ్చు.

ఊళ్ళో మీరు చేయగలిగింది చాలా ఉంది. కాలు ఇరుక్కుంటే తీయడానికి బండిని ముందుకో వెనక్కో నడపకండి. ఇంజన్ ఆపి, షాఫ్ట్ విప్పదీసి, 108కి ఫోన్ చేయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి, మాటిమాటికీ తీసి చూడొద్దు. పసుపు, కాఫీపొడి, గ్రీజు వద్దు. వాటిని కడగడానికే మాకు అరగంట పోతుంది. వేలు తెగితే నేరుగా ఐసులో వేసి తెస్తున్నారు, అలా చేస్తే కణజాలం గడ్డకట్టి చచ్చిపోతుంది. తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్ని ఐసు నీళ్ళలో ఉంచి తెండి. చెయ్యో కాలో తెగితే ఆరు గంటల్లోపు అతికే వసతి ఉన్న ఆసుపత్రికి చేరాలి.

ఉయ్యూరు దగ్గరి నుంచి మోకాళ్ళ నొప్పులతో ఒక పెద్దాయన వస్తుంటాడు. ముప్పై ఏళ్ళకు పైగా ట్రాక్టర్ తోలాడు, ఒంటి మీద ఒక్క గాటు లేదు. "ఎలా బాబాయ్?" అని అడిగితే లేచి నిలబడి, నా గదిలోనే చేసి చూపించాడు. ఎక్కేముందు బండి చుట్టూ ఒక తిరుగుడు. షాఫ్ట్ పిన్ను పడిందా, కత్తుల బోల్టులు బిగువుగా ఉన్నాయా, దగ్గర్లో ఎవరైనా ఉన్నారా అని చూపు. సీట్లో కూర్చుని బ్రేకు, గేరు న్యూట్రల్, పీటీఓ లివరు ఆఫ్, క్లచ్ పూర్తిగా తొక్కి అప్పుడు తాళం. "వెనక్కి చూసి ఒక కేకేస్తానండీ, ఎవరున్నా పక్కకి జరుగుతారు." ఇంజన్ తక్కువ వేగంలో ఉండగానే పీటీఓ వేసి, తర్వాత నెమ్మదిగా పెంచుతాడు. దిగాలంటే ముందు పీటీఓ ఆఫ్, యంత్రం నేలకు దింపడం, ఇంజన్ ఆపడం. ష్రెడ్డర్ అయితే ఆపాక కూడా కత్తి తిరుగుతూనే ఉంటుంది, అది పూర్తిగా ఆగేదాకా సీట్లోంచి కదలడు. లిఫ్టు మీద ఎత్తిన యంత్రం కిందికి దుంగలు పెట్టకుండా తల దూర్చడు. చివరగా చొక్కా పైకెత్తి మొలతాడు చూపించాడు. "బండి దిగితే తాళం దీనికే డాక్టరు గారూ. నేను కింద ఉండగా ఇంకోడెవడూ స్టార్ట్ చేయకూడదు." వైద్యశాస్త్రంలో ఇంతకంటే గట్టి నివారణ నేను చదవలేదు.

చట్టం సంగతీ చెప్పాలి. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోతున్న రోజుల్లో, 1983లో మన పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. రక్షణ ఏర్పాట్ల గురించీ, గాయపడినవారికి పరిహారం గురించీ అందులో ఉంది. మా దగ్గరికొచ్చే కూలీల్లో దాని పేరు విన్నవారు నాకు ఒక్కరూ తగల్లేదు. హెల్పరుగా వెళ్ళే కుర్రాడికి బీమా ఉండాలని యజమానులు పట్టుబట్టాలి. కాలు పోతే పోయేది ఆ కుర్రాడి ఒక్కడి కూలి కాదు, ఆ ఇంటి కూలి.

మొదట చెప్పిన కుర్రాడి కాలు దక్కలేదు. నాలుగోసారి కడిగాక మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు తల్లితో కలిసి వస్తాడు. ఆమె తలనీలాలిచ్చి కొండెక్కుతుంది. అతను కృత్రిమ కాలితో మెట్లెక్కలేక కింద కాసేపు కూర్చుని, మా ఆసుపత్రికొచ్చి పలకరించి పోతాడు. పోయిన ఉత్సవాలకు వచ్చినప్పుడు చెప్పాడు, ఆ ట్రాక్టర్‌కి ప్రమాదం జరిగిన మర్నాడే కొత్త బ్యాటరీ వేయించారట.

ఈసారి కాలువకు నీళ్ళు రాకముందే మీ బండి బ్యాటరీ, సెల్ఫ్ మోటారు మెకానిక్‌కి చూపించండి.