బుగ్గ లోపలి గీతలు

మే 12
కొత్తావకాయ కలిపిన రోజు తొలిముద్ద ఎప్పుడూ నాదే. ఇవాళ నోట్లో పెట్టగానే ఎడమబుగ్గ లోపల భగ్గుమంది. మజ్జిగ పుక్కిలించినా తగ్గలేదు. అద్దం ముందు నిలబడి టార్చి వేసి చూసుకుంటే తెల్లటి సన్నగీతలు, సాలీడు అల్లినట్టు. మధ్యలో ఎర్రగా చెక్కుకుపోయిన చోటు. వేలితో రుద్దినా గీతలు పోలేదు.

పాడు భయం. మనవడికి నా కంచంలోంచి ముద్దలు పెట్టడం మానేశాను.

మే 16
లైకెన్ ప్లానస్ అన్నారు డాక్టరుగారు. బీపీ మాత్రల చీటీ అడిగి తీసుకున్నారు, దవడపన్నులోని ఫిల్లింగు చూశారు. కొన్ని మందులకూ, పంటిలో నింపిన లోహానికీ ఇలాంటి గీతలే వస్తాయట. హెపటైటిస్ సి పరీక్షకు రక్తం ఇచ్చాను. బుగ్గలోంచి మినపగింజంత ముక్క తీసి కుట్టు వేశారు.

మే 17
పెద్దొదిన ఫోను. "అమ్మాయ్, నీకు ఇమ్యూనిటీ తగ్గింది. తిప్పతీగ కషాయం తాగు." సరేనన్నాను.

మే 25
రిపోర్టు వచ్చింది. అర్థం కాలేదంటే డాక్టరుగారు నన్ను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారు. పైపొర కిందనే నేరేడురంగు చుక్కలు, చీర అంచులా బారుగా, ఒత్తుగా. అన్నీ లింఫోసైట్లు, ఎక్కువగా టీ కణాలు. నన్ను కాపాడాల్సినవే! వాటిలో సీడీ8 రకం, పైపొర అట్టడుగు వరుసలోని నా కణాలనే శత్రువులనుకుంటున్నాయి. పెర్ఫోరిన్‌తో తూట్లు పొడిచి, గ్రాంజైమ్ లోపలికి పంపి చంపుతున్నాయి. చచ్చిన కణాలు అక్కడక్కడ గులాబీ బొట్లలా కనిపించాయి. పైగా గామా ఇంటర్‌ఫెరాన్ లాంటివి వదిలి మరిన్ని కణాలను పిలుచుకుంటాయట.

అంటే నాకు బలం తక్కువై కాదు. ఉన్న బలమే దారి తప్పింది. పెద్దొదినకు ఫోను చేసి కషాయం వద్దని చెప్పాను. ఆమె నొచ్చుకుంది, కానీ వింది.

అంటువ్యాధి కాదని రెండుసార్లు అడిగి మరీ తెలుసుకున్నాను.

జూన్ 21
డాక్టరుగారు రాసిచ్చిన స్టెరాయిడ్ పేస్టు ఆ టీ కణాల జోరు తగ్గించడానికే. రోజూ భోజనమయ్యాక గాజుగుడ్డతో బుగ్గ తుడిచి, వేలికొసతో అద్ది, అరగంట నీళ్ళయినా ముట్టడం లేదు. ఎరుపు చాలా తగ్గింది. గీతలు అలాగే ఉన్నాయి. ఏళ్ళ తరబడి వస్తూ పోతూ ఉంటుందట. నూటికి ఒకరిలో క్యాన్సరుగా మారొచ్చు కాబట్టి ఆరునెలలకోసారి చూపించుకోమన్నారు. డిసెంబరు క్యాలెండరు కాగితం మీద సున్నా చుట్టాను.

రాత్రి కారం లేని పప్పులో నెయ్యి వేసుకున్నాను. మనవడు కంచం దగ్గరికొచ్చి నోరు తెరిచాడు. పెట్టాను.