సియెమ్ రీప్: బాటసారుల ఋణము

కంబోడియా దేశమునకు వాయవ్య దిశయందు, తొన్లే సాప్ మహాసరస్సునకు ఉత్తరముగా, తన పేరే గల యొక చిన్న నది యొడ్డున వెలసిన సియెమ్ రీప్ పట్టణమును లోకము అంగ్‌కోర్ దేవాలయముల ముంగిలిగా మాత్రమే ఎఱుగును. తెల్లవారకముందే చీకటిలో బయలుదేరి, అంగ్‌కోర్ వాట్ శిఖరముల వెనుక సూర్యోదయము చూచి, మూడు దినములలో కాళ్ళరుగునట్లు గుడులన్నియు చుట్టి, విమానమెక్కి పోవు యాత్రికునకు ఆ పట్టణము ఒక బసయే కాని ఊరు కాదు. 2024 భాద్రపద మాసాంతమున నేను, నా భార్య, మా అక్కయ్య, బావగారు అట్టి తలంపుతోడనే అచటికి పోయితిమి. తిరిగి వచ్చునప్పటికి మా నలుగురి మనస్సులలోను శిలాశిల్పములకంటె ఒక బండివాని మొగము ఎక్కువ స్ఫుటముగా నిలిచియుండెను. కావున ఈ పరిచయమున రాజులకంటె బండ్లకు ఎక్కువ చోటు దక్కినచో పాఠకులు మన్నింతురుగాక.

పూర్వచరిత్ర

సియామును ఓడించిన చోటు అని ఈ పట్టణ నామమునకు సామాన్యముగా అర్థము చెప్పుదురు. పట్టణమునకు ఈశాన్యమున కనబడు కూలెన్ కొండయే పూర్వకాలపు మహేంద్రపర్వతము. క్రీ. శ. 802లో రెండవ జయవర్మ అచట దేవరాజ విధితో పట్టాభిషిక్తుడై ఖ్మేర్ సామ్రాజ్యమునకు పునాది వేసెను. 967లో యజ్ఞవరాహుడను బ్రాహ్మణుడు ఎఱ్ఱని ఇసుకఱాతితో బాంతెయ్ స్రేయ్ శివాలయమును ప్రతిష్ఠింపజేసెను. పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమున రెండవ సూర్యవర్మ విష్ణుదేవునకై పశ్చిమాభిముఖముగా నిర్మించినదే అంగ్‌కోర్ వాట్. దాని తూర్పు మండపపు గోడపై దేవదానవులు వాసుకిని చేపట్టి పాలకడలిని చిలుకుచున్న శిల్పఫలకము ఏబది గజముల పొడవున సాగిపోవును. 1992లో ఈ క్షేత్రము ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది. అంతకు పూర్వమే పూనుకొని, 1986 మొదలు 1993 వఱకు, యుద్ధముచే చితికిన ఆ దేశమునకు వెళ్ళి మన పురావస్తు శాఖవారు అంగ్‌కోర్ వాట్ జీర్ణోద్ధరణకు చేయి కలిపిరి.

భాషలో మనకు చుట్టఱికము అడుగడుగున తగులును. నగరమే అచట అంగ్‌కోర్ అయినది. ప్రాసాదము ప్రాసాత్ అయినది. పాఠశాలను సాలా అందురు. కృతజ్ఞత తెలుపుటకు వారనెడి ‘ఓ కున్’ అను మాటలోని కున్, మన గుణమే. ఖ్మేరు లిపి సైతము పల్లవుల కాలపు దక్షిణభారత లిపినుండి పుట్టినదే.

రాజులందఱిలో నా మనస్సును దోచినవాడు 1181లో సింహాసనమెక్కిన ఏడవ జయవర్మ. బయోన్ గోపురములపై చిఱునవ్వు చిందించు మహాముఖములు ఆయన కట్టించినవే యైనను, నేను ఆయనకు నమస్కరించునది వానికొఱకు కాదు. తా ప్రోమ్ శాసనము ఆయన రాజ్యమున 102 ఆరోగ్యశాలలు ఉండెనని చెప్పుచున్నది. ప్రేహ్ ఖాన్ శాసనము రాజమార్గముల వెంట 121 అగ్నిగృహములు, అనగా బాటసారులు రాత్రివేళ దిగి, వంట చేసికొని, చలి కాచుకొని, ప్రొద్దుపొడుపున మరల సాగిపోవు సత్రములు, ఉండెనని లెక్క చెప్పుచున్నది. వానిలో 57 పొరుగు రాజ్యమగు చంపా యొక్క రాజధానికి పోవు త్రోవపైనను, 17 విమాయపురమునకు పోవు త్రోవపైనను ఉండెనట. ఊరు పేరు తెలియని పరదేశికి కప్పును నిప్పును సిద్ధపఱచుట రాజధర్మమని నమ్మిన నేల అది.

ఆ ధర్మము నేటికిని పూర్తిగా ఆఱిపోలేదు. స్విట్జర్లాండ్ దేశస్థుడగు శిశువైద్యుడు బేట్ రిక్నర్ 1999లో ఈ పట్టణమున తెఱిచిన పిల్లల ఆసుపత్రికి ఆ జయవర్మ పేరే పెట్టెను. చికిత్సకు పైకము పుచ్చుకొనని ఆ ఆసుపత్రిని నిలుపుటకై ఆయన శనివారపు రాత్రులందు తానే సెల్లో వాద్యము వాయించి, వినవచ్చిన యాత్రికులలో పడుచువారిని రక్తమును, పెద్దలను ధనమును అడుగుచు దానికొఱకే జీవించి, 2018లో కన్నుమూసెను. నేడు అంగ్‌కోర్ ప్రవేశపత్రము కొను ప్రతి విదేశీయుని పైకమునుండి రెండు డాలర్లు ఈ ఆసుపత్రియు చేరియున్న కాంథా బోఫా ఆసుపత్రులకు పోవును.

రెమోర్క్

ఇక బండి సంగతి. మోటారుసైకిలు వెనుకభాగమున కొక్కెము బిగించి, దానికి రెండు చక్రముల గూడుబండిని తగిలించి, అందు ఎదురెదురుగా నలుగురు కూర్చుండునట్లు మెత్తలు పఱచి, పైన గుడ్డకప్పు వేసినచో అది రెమోర్క్. ఫ్రెంచి పాలనలో వచ్చిన మాట. వెనుక తగిలించి లాగు బండి యని అర్థము. మన గూడుబండ్లలో ప్రయాణము చేసిన తరమువారికి అందు కూర్చుండగానే పరిచితమైన సుఖము కలుగును: నాలుగువైపుల గాలి, మందగమనము, త్రోవ ప్రక్క తాటితోపులు, వరిచేలలో మోకాలిలోతు నీరు. తోలువాడు మెడకు గళ్ళ తువ్వాలు చుట్టుకొని ముందు కూర్చుండును. ఆ తువ్వాలును క్రమా అందురు. చెమట తుడుచుటకు, ఎండకు తలచుట్టుటకు, పసిబిడ్డకు ఊయెల కట్టుటకు అది యొక్కటియే.

ఈ బండ్లపై ఎన్ని కుటుంబములు బ్రతుకుచున్నవో ఆ పట్టణమున ఒక్క సాయంకాలము నిలిచి చూచినచో బోధపడును. 2019లో అంగ్‌కోర్ చూడవచ్చిన విదేశీయులు సుమారు 22 లక్షలు. మహమ్మారి వచ్చిన 2020లో వారి సంఖ్య 4 లక్షలకు పడిపోయెను. మఱుసటి సంవత్సరము గుడులు పక్షులకు మిగిలెను. ఆ కాలమున అనేకులు బండ్లు అమ్ముకొని పొలము పనులకు మరలిరి; అమ్ముకొనలేనివారు అప్పుమీద అప్పు చేసిరి. పిమ్మట యాత్రికులు వచ్చుట మొదలయ్యెను గాని, 2023 అక్టోబరులో పట్టణమునకు నలుబది కిలోమీటర్లకు పైగా దూరమున క్రొత్త విమానాశ్రయము తెఱవగా, ఏడెనిమిది కిలోమీటర్ల దూరముననుండిన పాతది మూతపడెను. విమానము దిగినవానిని బసకు చేర్చుటయే బండివానికి బేరమునకు మొదలు. ఆ అరగంటలోనే మఱునాటి గుడుల ప్రయాణము కుదురును. క్రొత్త దూరము రెమోర్క్‌కు తగినది కాదు. ఆ బేరము బస్సులకు, కార్లకు పోయినది. దీనికి తోడు ఫోనులో పిలువగానే వచ్చు, బాడుగ ముందే తేలిపోవు మూడుచక్రముల బండ్లు వీధులను నింపినవి. అవి మన దేశమున తయారై పోయినవే. వానిని అచటివారు ఇండియా టుక్‌టుక్ అనియు అందురు. బసల ముందు మధ్యాహ్నపు టెండలో తన బండిలోనే ఉయ్యాల కట్టుకొని, ఎవరైన మెట్లు దిగుచున్నారా యని ఒక కన్ను తెఱచి పరుండు రెమోర్క్‌వానిని చూచినప్పుడు ఈ సంగతులన్నియు జ్ఞప్తియందుంచుకొనవలెను.

ప్రేహ్ దాక్ దారిలో

మా బండివాడు నలుబదియైదేండ్లవాడు. అచట అన్నను, అక్కను కూడ ‘బోంగ్’ అని పిలుతురు గనుక మేము అతనిని అట్లే పిలిచితిమి. బావగారు మాత్రము మొదటినుండియు తెలుగున ‘తమ్ముడూ’ అనియే పిలిచిరి, అతడును ఆ పిలుపునకే తిరిగి చూచుచుండెను.

రెండవ దినమున బాంతెయ్ స్రేయ్ చూచి తిరిగివచ్చుచుండగా, ప్రేహ్ దాక్ గ్రామము దాపున వాన పట్టుకొనెను. ఆ వానలోనే మోటారుసైకిలు ఒక్కమాఱు మూలిగి ముందుకు సాగక నిలిచిపోయెను. మాడిన వాసన ముక్కునకు సోకగానే, తణుకులో ముప్పది యేండ్లు పంపుసెట్ల మరమ్మతు అంగడి నడపిన బావగారు ‘క్లచ్ ప్లేట్లు పోయాయి’ అని దిగిరి. బండివాడు మా మొగములవంక చూడక, ఎదురుగా వచ్చుచున్న మఱియొక రెమోర్క్‌ను చేయెత్తి ఆపి, మమ్ము అందు ఎక్కుడని సైగచేసి, ఆ దినపు బాడుగ తనకు వలదని చెప్పెను. సగము త్రోవన దింపినవాడు కూలి అడుగరాదనునది అతని న్యాయము.

మేము ఎక్కలేదు. ఆడువారిద్దఱు త్రోవ ప్రక్క తాటిబెల్లము కాచు పాకలోనికి చేరిరి. అచటి ఇల్లాలు బాణలినుండి తీసిన వెచ్చని బెల్లపు ముద్దను ఆకులో పెట్టి ఇచ్చెనట. అతడు హ్యాండిలు పట్టి నడువగా మే మిద్దఱము వెనుకనుండి త్రోయుచుంటిమి. సైకిళ్ళపై పోవుచున్న ఒక తెల్లవారి పడుచుజంట మమ్ము దాటిపోయి, తిరిగి చూచి, వెనుకకు వచ్చి, సైకిళ్ళు పాకలో చేర్చి, ఒక మాటయు లేక చెఱియొక ప్రక్క చేయి వేసిరి. కిలోమీటరు దూరమున మరమ్మతు అంగడి దొరకెను.

అంగడివాడు వెల చెప్పినప్పుడు బండివాడు కూర్చుండు మెత్తను ఎత్తి, దాని క్రింది డబ్బా తెఱచి, రియెల్ నోట్లను రెండుమాఱులు లెక్కపెట్టి, మూసివేసెను. నా చేయి నా జేబులోనికి పోయినది. బావగారు నా మణికట్టు పట్టుకొని, ‘ఉండవోయ్. ఊరికే ఇస్తే తీసుకోడు. తీసుకున్నా రేపట్నుంచి మన మొహం చూడలేడు’ అనిరి. పిమ్మట ఆయన ఫోను అనువాదము సాయముతో, మేము ఇంకను మూడు దినములు ఈ ఊరనే ఉందుమనియు, ఆ మూడు దినములును అతని బండియే మాకు కావలెననియు, బాడుగ చెప్పినచో ముందుగా ఇత్తుమనియు అడిగిరి. అతడు చాలసేపు ఆలోచించి, న్యాయమైన వెల చెప్పి, పైకము పుచ్చుకొని, చొక్కా జేబులోని చిన్న పుస్తకమున వ్రాసికొనెను. ఆ జంటలో పిల్ల ఆ లెక్క చూచి, నాలుగవ దినము మాది యని అదే పుస్తకమున తన బస పేరు వ్రాయించినది.

ఆ సాయంకాలము నాకు ఒక సత్యము తేటపడినది. ఆపదలోనున్న పనివానికి పైకముకంటె ముందు పోవునది పరువు. చేతిలో నోటు పెట్టి సాగిపోవుట సులభము. అది ఇచ్చినవాని మనస్సును తేలిక పఱచును, పుచ్చుకొన్నవాని తలను బరువు చేయును. పనిని, పనికి తగిన వెలను, ఆ వెలను ఒకటి రెండు దినములు ముందుగాను ఇచ్చువాడు అతనిని పనివానిగానే నిలువనిచ్చుచున్నాడు.

ప్రతి సాయంకాలము అతడు పుస్తకము తీసి, ఆ దినపు బాడుగను మాకు చూపి కొట్టివేయుచుండెను. మూడవ సాయంకాలము తుది గీత గీచి, మఱునాడు వేకువను మమ్ము తన ఊరి విహారమునకు రమ్మని పిలిచెను. ఆ ప్రయాణమునకు బాడుగ లేదని వ్రేలెత్తి గట్టిగా చెప్పెను.

అవి ప్చుమ్ బెన్ దినములు. మన మహాలయ పక్షమున, భాద్రపద బహుళమున, ఖ్మేరులు పదునైదు దినములు పితృదేవతలకు అన్నపు ముద్దలు అర్పింతురు. బెన్ అనగా పిండమే. చీకటితోనే ఊరివారందఱు వెదురు తట్టలలో నువ్వులు కలిపిన అన్నముతో విహారము చుట్టు ప్రదక్షిణము చేయుచు, గడ్డిపై ముద్దలు విడుచుచుండిరి. బండివాని తల్లి తన తట్టనుండి ఒక ముద్ద తీసి బావగారి అరచేతిలో పెట్టినది. పరదేశమున ఆ యేడు తల్లికి పెట్టలేకపోతినని రెండు దినములుగా లోలోపల కుములుచుండిన ఆయన, ఆ చీకటిలో తన తల్లిని పేరుపెట్టి తలచి, ముద్దను నేల విడిచి, చాలసేపు లేవలేదు. ఎవరు ఎవరికి ఉపకారము చేసిరో ఆ తరువాత మేము లెక్క చూచుకొనలేదు.

సరస్సు, భోజనము

వర్షకాలమున మెకాంగ్ నది పొంగి, తొన్లే సాప్ నదిని వెనుకకు త్రోయగా, నీరు ఎదురు ప్రవహించి సరస్సు నాలుగైదింతలు పెరుగును. కంపాంగ్ ఫ్లుక్ వంటి గ్రామములలో ఇండ్లు ఎత్తైన కఱ్ఱ స్తంభములపై నిలుచును. అన్నముతోపాటు చేపయే వారి ప్రధానాహారము. చేపముక్కలకు కొబ్బరిపాలు, నూఱిన నిమ్మగడ్డి, పసుపు కలిపి అరటియాకు దొన్నెలో ఆవిరిపై ఉడికించు ఆమోక్ మిక్కిలి రుచికరము. ప్రేహ్ దాక్‌లో నుమ్ బాన్ చోక్ అను బియ్యపు సేమియాల పులుసు ఉదయమున దొరకును. అచటి తాటిబెల్లము మన గోదావరి తీరపు తాటిబెల్లమునకు తోబుట్టువు.

వెళ్ళువారికి

నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు వాతావరణము చల్లగా ఉండును. డాలర్లు, రియెళ్ళు రెండును చెల్లును. మీరు పోయినప్పుడు ఒక్క దినమైనను రెమోర్క్ ఎక్కుడు. చెప్పిన బాడుగ న్యాయముగా తోచినచో ఒక డాలరుకై పెనగులాడకుడు. ఎండలో మూడు గంటలు మీకొఱకు కాచియున్నవాడు భోజనము చేసెనా యని అడుగుడు. మీ ప్రక్కనే కూర్చుండబెట్టుకొని తినుడు. బండి నిలిచిపోయినచో దిగి ఒక చేయి వేయుడు. మఱునాడు మరల అతనినే పిలువుడు. ఎనిమిది శతాబ్దులక్రింద బాటసారికై 121 చోట్ల నిప్పు రాజేసి ఉంచిన నేల అది. అచటికి పోవు బాటసారి తీర్చవలసిన ఋణము ఇంకను మిగిలియున్నది.