ఎవరి ఫోనో... ఏం కబురో!

సినిమాలో ఫోన్ మోగిందంటే కథ మలుపు తిరిగిందన్నమాటే! హీరోయిన్ పరుగెత్తుకొస్తుంది, రిసీవరు ఎత్తుతుంది, "ఆఁ!" అంటుంది. హాల్లో మనమంతా ఊపిరి బిగబట్టుకుంటాం. మరి మన ఇంట్లో ఫోన్ మోగితే? "సార్, మీకు అయిదు లక్షల లోను మంజూరైంది!" అడగని లోను, కొనని లాటరీకి బహుమతి, మనకు లేనే లేని బ్యాంకు ఖాతా ఆగిపోయిందన్న హెచ్చరిక... ఇవండీ మన కథలో మలుపులు!

విజయనగరంలో నాకో చిన్న ఫొటో స్టూడియో ఉంది. బోర్డు మీద నా నంబరు పెద్ద పెద్ద అంకెల్లో రాయించాను. పెళ్లివారు చూడాలి కదా! ఆ నంబరు ఏ దారిన ఎవరి చేతికి పోయిందో గాని, ఒకరోజు లెక్క పెడితే పదమూడు కాల్స్ వచ్చాయి. అందులో ఫొటోల కోసం చేసినవాళ్లు ఇద్దరే. మిగిలిన పదకొండూ ఈ బాపతే!

"తెలియని నంబరు ఎత్తకురా, పీడా పోతుంది" అంటాడు మా స్నేహితుడు. ఎత్తకపోతే నేను స్టూడియో మూసుకోవాలి. సరే, నా బేరం మాట అలా ఉంచండి. మా పెద్దమ్మ సంగతి వినండి.

పెద్దమ్మది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. కొడుకు గుజరాత్‌లో వెరావల్ రేవు నుంచి వేటకెళ్లే బోటు మీద పని చేస్తాడు. నడిసంద్రంలో సిగ్నల్ ఉండదు. ఒడ్డుకొచ్చాక తన ఫోన్‌లో ఛార్జింగు లేకపోతే తోటివాడి ఫోన్, అదీ లేకపోతే టీ కొట్టువాడి ఫోన్. ఎక్కడ దొరికితే అక్కణ్ణుంచి "అమ్మా, వచ్చేశాను" అని ఒక్క మాట. అందుకని పెద్దమ్మ ఫోన్ మోగితే చాలు, పొయ్యి మీద కూర మాడినా సరే, పరుగున వెళ్లి ఎత్తుతుంది. అవతల ఎవరో లోను అమ్మాయి! "ఎందుకు పెద్దమ్మా, ప్రతిదీ ఎత్తుతావు?" అంటే ఏమందో తెలుసా?

"నానెత్తకపోతే... ఆ ఒక్కటీ ఆడే సేత్తే ఏటి సేత్తావు బావూ?"

ఏం జవాబు చెప్పమంటారు?

ఈ భయం ఊరికే వచ్చింది కాదు. 2018 నవంబరు చివర్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు వెరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ వాళ్లకు చిక్కారు. కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉన్నారు. 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు. ఆ కథ ప్రేరణతోనే 2025 ఫిబ్రవరిలో నాగచైతన్య, సాయిపల్లవిల 'తండేల్' వచ్చింది. మీరూ చూసి కంట తడి పెట్టుకునే ఉంటారు. అలాగే 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజుల్లో తెలిసిన నంబరు నుంచే కబురు వస్తుందని ఎవరు చెప్పగలరు?

అన్నట్టు, ఈ అక్కర్లేని సందేశాలకు 'స్పామ్' అని పేరెలా వచ్చిందో తెలుసా? ఒక కామెడీ వల్ల! స్పామ్ అనేది 1937లో అమెరికాలో మొదలైన డబ్బా మాంసం. 1970లో 'మాంటీ పైథాన్' అనే బ్రిటిష్ హాస్య బృందం టీవీలో ఒక హోటల్ దృశ్యం వేసింది. మెనూలో ఏది చూసినా స్పామే! పక్కన కూర్చున్న గుంపు "స్పామ్, స్పామ్" అని గట్టిగా పాడుతుంటే అసలు మాటలే వినపడవు. చూశారా, పేరులోనే ఉంది గుట్టు. గోల వల్ల చెవులు నొప్పి పుట్టడం కాదు అసలు నష్టం, వినవలసిన మాట వినపడకపోవడం!

మన సినిమా పిచ్చిని కూడా ఈ విలన్లు వదల్లేదు. "ఇంట్లో కూర్చుని సినిమాలకు రేటింగు ఇవ్వండి, రోజుకి ఇంత" అని మెసేజ్ వస్తుంది. మొదట నూరో రెండు నూర్లో నిజంగానే వేస్తారు. నమ్మకం కుదిరాక "ఇంకా పెద్ద పనికి డిపాజిట్టు కట్టండి" అంటారు. కట్టామా, ఇంటర్వెల్ లేకుండానే శుభం కార్డు!

మరి ఏం చెయ్యాలి? 1909కి 'స్టార్ట్ 0' అని ఇంగ్లీషు అక్షరాల్లో మెసేజ్ పెడితే ప్రకటనల కాల్స్ చాలావరకు తగ్గుతాయి. 140తో మొదలయ్యే నంబరు ప్రకటనల వాళ్లది, ఎత్తనక్కర్లేదు. మెసేజ్ పంపినవారి పేరు చివర 'పి' అక్షరం ఉంటే అది ప్రకటన, 'జి' ఉంటే ప్రభుత్వానిది. డబ్బు పోతే మాత్రం సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇవన్నీ పెద్దమ్మ ఫోన్‌లో నేనే సర్దిపెట్టాను. అయినా దొంగ కొత్త నంబరుతో వస్తాడు. కొడుకూ కొత్త నంబరుతోనే వస్తాడు! ఇద్దర్నీ విడదీసేదెలా? ఉపాయం పెద్దమ్మే కనిపెట్టింది. "మీవోడు ఆస్పత్రిలో ఉన్నాడు, డబ్బు పంపండి" అని ఎవరన్నా అంటే ఆవిడ కంగారు పడదు. "మన ఎర్రావు దూడకి ఏటి పేరెట్టినామో సెప్పమను" అంటుంది. ఆ జవాబు ఏ కంప్యూటరులోనూ ఉండదు. గొంతుని అచ్చంగా అనుకరించే యంత్రాలొచ్చిన ఈ రోజుల్లో కూడా ఆ దూడ పేరు వాటికి తెలియదు కదా!

తలుపు మూసుకోవడం తేలిక. తీసి ఉంచి, వచ్చినవాడెవడో అడిగి తెలుసుకోవడం కష్టం. మా తీరంలో తల్లులకు మొదటిది కుదరదు. కాబట్టి రెండోది మనం నేర్పాలి. ఈ ఆదివారం మ్యాట్నీకి వెళ్లే ముందు ఓ పది నిమిషాలు అమ్మ ఫోన్ తీసుకుని కూర్చోండి. ఆ 1909 మెసేజ్ పెట్టండి. మీ ఇంటికి మాత్రమే తెలిసిన ప్రశ్న ఒకటి అనుకోండి. ఆ తర్వాత హాయిగా సినిమాకి వెళ్లండి!